పాలన నాణ్యతకూ వ్యవసాయ ఎదుగుదలకూ లంకె ఎక్కడ? స్కోరు చూడాలా, పొలం దాకా వెళ్లి చూడాలా?

#1 పట్టిక
అభివృద్ధి చెందుతున్న దేశాల మీద ఒక విశ్లేషణ తయారవుతోంది. పాలన కొలతకు ప్రపంచ బ్యాంకు వాళ్ల ఆరు సూచికలు తీసుకున్నాను: ప్రజల గొంతు–జవాబుదారీ, రాజకీయ స్థిరత్వం, ప్రభుత్వ సామర్థ్యం, నియంత్రణల నాణ్యత, చట్టబద్ధ పాలన, అవినీతి అదుపు. స్కోరు సుమారు −2.5 నుంచి +2.5 మధ్య ఉంటుంది. దీన్ని పంట ఉత్పత్తి వృద్ధితో కలిపి చూస్తే లంకె కనిపిస్తోంది గానీ చాలా చెదిరి ఉంది. గొంతు–జవాబుదారీలో అట్టడుగున ఉన్న చైనా, వియత్నాం సాగులో దూసుకెళ్లాయి. అంతకంటే మంచి మార్కులున్న దేశాలు కొన్ని అక్కడే నిలబడిపోయాయి. పాలన అసలు ఏ దారిలో పొలాన్ని తాకుతుందో విడివిడిగా తెలిస్తే తప్ప ఈ అంకెలకు అర్థం చెప్పలేం. ఒక్కొక్కరూ మీకు పట్టున్న అంశం మీద రాయండి.

#2 గింజధర
మొదటి దారి ధర. పాలన అనగానే లంచం గుర్తొస్తుంది గానీ, రైతును ఎక్కువగా దెబ్బతీసింది లంచం కాదు, చట్టబద్ధంగానే జరిగిన కోత. 1960–85 మధ్య 18 దేశాల మీద ప్రపంచ బ్యాంకు చేయించిన అధ్యయనంలో (క్రూగర్, షిఫ్, వాల్డెస్) తేలింది ఇదీ: పంటల మీద నేరుగా పడిన భారం సగటున 8 శాతం. కరెన్సీకి లేని విలువ కట్టడం, పరిశ్రమలకు రక్షణ సుంకాలు వేయడం వల్ల చాటుగా పడిన భారం 22 శాతం. అంటే రైతుకు కనిపించే పన్ను కంటే కనిపించనిది దాదాపు మూడు రెట్లు.

ఘనా కోకో దీనికి పాఠం లాంటిది. ఎగుమతి మొత్తం ప్రభుత్వ బోర్డు చేతిలో. 1964–65లో 5.5 లక్షల టన్నులు దాటిన దిగుబడి 1983–84 నాటికి 1.6 లక్షల టన్నులకు పడిపోయింది. 1978 నుంచి 1983 దాకా అధికారిక రేటు డాలరుకు 2.75 సెడీలే (సెడీ ఘనా కరెన్సీ), చీకటి బజారులో దానికి ఎన్నో రెట్లు. బోర్డు ఆ రేటు మీదే లెక్కగట్టి రైతుకు ఇచ్చేది. దాంతో గింజలు సరిహద్దు దాటి కోట్ డివోర్‌కు, టోగోకు వెళ్లాయి. ముసలి చెట్లు తీసి కొత్త మొక్కలు పెట్టినవాళ్లు తక్కువ. 1983లో కరువు, కార్చిచ్చులు కూడా తోడయ్యాయి కాబట్టి నష్టమంతా బోర్డు ఖాతాలో వేయకూడదు. కానీ చెట్లు అప్పటికే ముదిరిపోయి ఉండటానికి కారణం మాత్రం ధరే.

అదే బోర్డు ఈమధ్య ఇంకో రకంగా చిక్కుకుంది. 2023–24 సీజన్ దాకా పంట చేతికి రాకముందే ముందస్తు అమ్మకాలు చేసి, ఆ హామీ మీద అప్పు తెచ్చి సీజన్ మొదట్లోనే రైతు ధర ప్రకటించేది. ధర పడిపోయే ఏడాదిలో ఇది రైతుకు గొడుగే. 2024 మార్చిలో ప్రపంచ ధర టన్నుకు 10,000 డాలర్లు దాటినప్పుడు మాత్రం పాత ఒప్పందాల ధరకు కట్టుబడిన బోర్డు రైతుకు ఆ పెరుగుదల ఇవ్వలేకపోయింది. మళ్లీ గింజ సరిహద్దు దాటింది. ఇందులో దొంగతనం వెతకక్కర్లేదు, నియమం కట్టిన తీరులోనే సమస్య ఉంది.

#3 సర్వేరాయి
రెండోది భూమి. పట్టా ఉంటే బ్యాంకు అప్పిస్తుంది, అప్పుతో పెట్టుబడి పెరుగుతుంది అనే వాదన పుస్తకాల్లో ముందు వరసలో ఉంటుంది. పల్లెల్లో అది పెద్దగా పనిచేయదు. అరెకరం చెక్కను తాకట్టు పెట్టుకుని బ్యాంకు ఏం చేసుకుంటుంది? పనిచేసేది రెండో దారి: నేల రేపు కూడా నా దగ్గరే ఉంటుందన్న ధీమా.

ఘనాలోని అక్వాపిమ్ ప్రాంతంలో గోల్డ్‌స్టీన్, ఉడ్రీ చేసిన పరిశీలన చూడండి. అక్కడ ఎరువు తక్కువ, నేల సారం తిరిగి రావాలంటే కొన్నేళ్లు బీడుగా వదలాలి. బీడు వదిలితే మాత్రం "నీకు అవసరం లేదు కదా" అని ఆ చెక్కను ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఊరి పెద్దరికంలో పదవి ఉన్నవాళ్లు ధైర్యంగా ఎక్కువ ఏళ్లు వదులుతున్నారు, దిగుబడి బాగా తీస్తున్నారు. పదవి లేనివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, భయంతో ఏటా దున్ని నేలను పీల్చేస్తున్నారు. కాగితం మీద కనిపించని పాలన లోపం ఇది. జాతీయ స్కోరులో దీని జాడే ఉండదు.

ఖర్చు సంగతి. ఇథియోపియా టిగ్రాయ్‌లో 1998లో మొదలుపెట్టిన తొలి దశ ధ్రువపత్రాలకు చెక్కకు సుమారు ఒక డాలరు అయింది. మ్యాపు లేదు. తాడుతో కొలిచి, ఇరుగుపొరుగును నిలబెట్టి, హద్దులు చెప్పించి రిజిస్టరులో రాశారు. రువాండాలో 2009–13 మధ్య కోటికి పైగా చెక్కలు నమోదు చేశారు. పైనుంచి తీసిన ఫొటో ప్రింటు పట్టుకుని, ఊరి యువకులకే శిక్షణ ఇచ్చి, యజమాని, పొరుగువాళ్ల ముందే ఫొటో మీద గీత గీయించారు. చెక్కకు 6–7 డాలర్లు అయింది. పెళ్లి చట్టబద్ధంగా నమోదైన భార్య పేరు కూడా ఎక్కింది. నమోదైన చోట గట్లు వేయడం, మట్టి కొట్టుకుపోకుండా కట్టలు కట్టడం బాగా పెరిగాయి, ఆడవాళ్ల చేతిలో ఉన్న చెక్కల్లో మరీ ఎక్కువ.

తప్పేది ఎక్కడంటే, మొదటి నమోదు తర్వాత. తండ్రి పోతాడు, చెక్క ముగ్గురికి పంచుతారు, రిజిస్టరు మాత్రం పాత పేరుతోనే ఉంటుంది. రువాండాలో చాలాకాలం పేరు మార్పుకు విస్తీర్ణంతో పనిలేకుండా 30,000 ఫ్రాంకుల రుసుం ఉండేది. చిన్న చెక్కకు అది తలకు మించిన భారం కాబట్టి జనం తెల్ల కాగితం మీద రాసుకుని సరిపెట్టుకున్నారు. నమోదుకు పెట్టిన డబ్బంతా పదేళ్లలో పాతబడిపోయే ప్రమాదం ఈ ఒక్క రుసుంలో ఉంది. ఏ దేశం గురించి లెక్క వేసినా "ఎంతమందికి పట్టా ఇచ్చారు" అని కాకుండా "గత ఏడాది ఎన్ని వారసత్వ మార్పులు నమోదయ్యాయి" అని అడగండి.

#4 పట్టిక
సర్వేరాయి గారూ, చైనాలో రైతుకు భూమి మీద యాజమాన్య హక్కే లేదు కదా. మరి ధీమా ఎక్కడినుంచి వచ్చింది?

#5 గింజధర
దీనికి నేను చెప్తాను, ధరతో ముడిపడింది కాబట్టి.

1978 చివర్లో అన్‌హుయీ రాష్ట్రంలోని షియావ్‌గాంగ్‌లో 18 కుటుంబాలు సమష్టి పొలాన్ని లోపాయికారీగా ఇంటింటికీ పంచుకున్నాయి. తర్వాత ఈ పద్ధతే దేశమంతటా వచ్చింది. నియమం ఒక్క వాక్యంలో పట్టేది: కోటా ప్రభుత్వానికి, సమష్టికి ఇవ్వాల్సింది సమష్టికి, మిగిలింది నీది. 1979లో కోటా ధర 20 శాతం పెంచారు, కోటా దాటిన ధాన్యానికి 50 శాతం అదనం ఇచ్చారు. 1978లో 30.5 కోట్ల టన్నులున్న తిండిగింజలు 1984కు 40.7 కోట్ల టన్నులయ్యాయి. ఆ కాలపు పంట వృద్ధిలో దాదాపు సగం ఈ ఇంటి బాధ్యత పద్ధతి వల్లేనని ఆర్థికవేత్త జస్టిన్ లిన్ లెక్క.

హక్కు కాగితం లేకపోయినా మాట మీద నిలకడ కనిపించింది. 1984లో కౌలు గడువు 15 ఏళ్లకు, 1993లో మరో 30 ఏళ్లకు పెంచారు. వియత్నాంలో కూడా అంతే. 1988 ఏప్రిల్‌లో సాగును ఇళ్లకు అప్పగించే పదో తీర్మానం వచ్చింది, మరుసటి ఏడాదికే దిగుమతి దేశం ఎగుమతి దేశమైంది. 1993 చట్టం ఏటి పంటల నేలకు 20 ఏళ్లు, చెట్ల తోటలకు 50 ఏళ్లు ఖాయం చేసింది. పంట కాలాన్ని బట్టి గడువు పెట్టడం గమనించండి, తెలిసినవాళ్లు రాసిన చట్టం అది.

వ్యతిరేక సాక్ష్యం కూడా అక్కడే ఉంది. 1985లో చైనా సేకరణ పద్ధతి మార్చి, అదనపు గింజకు వచ్చే ధర తగ్గేలా చేసింది. ఆ ఏడాది పంట 37.9 కోట్ల టన్నులకు పడిపోయింది. అదే ప్రభుత్వం, అదే స్కోరు. మారింది రైతు చేతికొచ్చే చివరి బస్తా ధర. అందుకే మీ ఆరు సూచికల్లో "గొంతు" ఒక్కటే చూసి చైనాను మినహాయింపు అనకండి.

#6 బస్తాలెక్క
ఎరువు, విత్తనం గురించి ఎవరూ రాయలేదు. నా దృష్టిలో పాలన పొలాన్ని నేరుగా తాకేది ఇక్కడే.

ముందు సమయం. వర్షాధార మొక్కజొన్నకు అడుగు మందు విత్తేటప్పుడు, ఆలస్యమైతే వారంలోపు పడాలి. యూరియా మొక్క మోకాలెత్తు వచ్చేసరికి, అంటే 3–4 వారాలకు. మలావిలో నవంబరులో వానలు మొదలవుతాయి. సముద్రం లేని దేశం, ఎరువు మొజాంబిక్‌లోని బెయిరా, నకాలా రేవుల మీదుగానో ఇంకా దూరం నుంచో రావాలి. వెనక్కి లెక్కపెట్టండి. పల్లెకు బస్తా చేరాల్సింది అక్టోబరు చివరికి. దానికి ఓడ రేవుకు ఆగస్టులో రావాలి. దానికి బ్యాంకు హామీ పత్రం జూన్‌లో తెరవాలి. టెండరు ఖరారు ఏప్రిల్–మేలో. 2021 దాకా అక్కడ బడ్జెట్టు ఏడాది జూలైలో మొదలయ్యేది. మరి ఏప్రిల్ టెండరుకు డబ్బు ఎవరి మాట మీద? టెండరు మీద ఒక ఫిర్యాదు పడి పది పన్నెండు వారాలు ఆగిందనుకోండి, బస్తా జనవరిలో వస్తుంది. అప్పటికి మొక్క పీచు కడుతూ ఉంటుంది. ఆ యూరియా రాయితీ లెక్కలో "పంపిణీ అయింది" అనే ఉంటుంది, గింజలో మాత్రం కనపడదు. ఎవరూ దొంగిలించలేదు, అయినా పోయింది.

2005–06లో మలావి మొదలుపెట్టిన రాయితీ కూపన్లలో ఇంటికి 50 కిలోల బస్తాలు రెండు (ఒకటి మిశ్రమం, ఒకటి యూరియా), కొంత విత్తనం. జాబితాలో ఎవరి పేరు ఉండాలో ఊరి పెద్ద చెప్పేవాడు. చాలాచోట్ల ఒక కూపన్‌ను రెండు మూడు ఇళ్లు పంచుకున్నాయి. పంచుకోవడం తగాదాలు రాకుండా చూస్తుంది గానీ ఒక్కో చేనుకు మోతాదు సగానికి పడిపోతుంది.

నైజీరియా 2012లో ఫోనుకు వోచరు పంపే పద్ధతి తెచ్చింది. అంతకుముందు ప్రభుత్వమే కొని పంచేది. రాయితీ ఎరువులో రైతుకు చేరింది 11 శాతమేనని అప్పటి వ్యవసాయ మంత్రి అడెసినా స్వయంగా చెప్పారు. ఫోను పద్ధతిలో మధ్యలో చేతులు తగ్గాయి. సిగ్నల్ లేని ఊళ్లలో వోచరు తెరుచుకోలేదు. తర్వాత డీలర్లకు ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయాయి. డబ్బు రాని డీలరు మరుసటి సీజన్ సరుకు దించడు. లీకేజీ తగ్గించిన వ్యవస్థ కూడా చెల్లింపు ఆలస్యంతో కూలిపోతుంది.

ఇక నాణ్యత. యూరియాలో 46 శాతం నత్రజని ఉండాలి. ఉగాండాలో 2017లో వెలువడ్డ ఒక అధ్యయనంలో దుకాణాల్లో కొన్న యూరియాలో సగటున 30 శాతం నత్రజని తక్కువ వచ్చింది. హైబ్రిడ్ పేరుతో అమ్మే మొక్కజొన్న విత్తనంలో సగానికి సగం అసలైనది కాదని అంచనా. రైతు కొత్త విత్తనం వాడటం లేదు, వెనుకబడి ఉన్నాడు అని తిట్టేముందు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. ఆ సరుకు మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రాదని అతనికి లెక్క తెలుసు.

#7 ప్రయోగశాల
బస్తాలెక్క గారూ, ఒక సవరణ. టాంజానియాలోని మొరోగోరో ప్రాంతంలో 2021లో ప్రచురితమైన పరిశీలన దీనికి భిన్నంగా వచ్చింది. దుకాణాల నుంచి తెచ్చిన ఎరువుల నమూనాలు పరీక్షిస్తే నత్రజని దాదాపు సరిగ్గానే ఉంది. రైతులు మాత్రం కల్తీ అనే నమ్ముతున్నారు. ఎందుకంటే బస్తా విప్పితే గడ్డలు, రంగు మారిన గుళికలు, దుమ్ము. యూరియా గాలిలోని తేమ పీల్చి గడ్డకడుతుంది. చూడ్డానికి పాడైనట్టుంటుంది, పోషకం మాత్రం పెద్దగా పోదు. యూరియాలో ఇంకేదైనా చవకగా కలపడం కూడా అంత తేలిక కాదు, గుళిక ఆకారం, రంగు కలవాలి.

కాబట్టి రెండు రోగాలు, రెండు మందులు. నిజంగా కల్తీ ఉంటే తనిఖీ, జరిమానా, లైసెన్సు రద్దు కావాలి. అపనమ్మకమే ఉంటే పరీక్ష ఫలితాలు దుకాణం పేరుతో సహా బయటపెట్టాలి, గోదాముల్లో బస్తాల కింద చెక్క పలకలు వేయాలి, తూట్లు పడ్డ సంచులు వెనక్కి పంపాలి. అపనమ్మకం ఉన్నచోట ఇంకో పది మంది ఇన్‌స్పెక్టర్లను వేస్తే వసూళ్లు పెరుగుతాయి, నత్రజని పెరగదు.

నమూనా తీసేవాళ్లకు: ఒకే బస్తా పైనుంచి పిడికెడు తీయొద్దు. లాటులో పలు బస్తాల నుంచి, పొడవాటి గొట్టంతో పైనుంచి అడుగు దాకా తీసి, కలిపి, నాలుగు భాగాలు చేస్తూ తగ్గించి, గాలి చొరని డబ్బాలో మూసి పంపాలి. పాలిథీన్ సంచిలో వారం ఉంచితే తేమ అంకె మారిపోతుంది, దాని మీద కేసు నిలబడదు.

#8 బస్తాలెక్క
ఒప్పుకుంటాను. ఉగాండా ఫలితాన్ని ఎరువులన్నిటికీ, దేశాలన్నిటికీ అంటగట్టకూడదు. విత్తనం విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. గింజ చూసి హైబ్రిడ్డో కాదో చెప్పలేం, మొలిచి పొత్తు వచ్చేదాకా తెలియదు. కంటికి కనపడని నాణ్యత ఎంత ఎక్కువైతే పాలన అవసరం అంత ఎక్కువ.

#9 తూము
నీటి సంగతి రాస్తాను. మాలీలోని ఆఫీస్ దు నీజేర్ 1932లో పెట్టిన సంస్థ, నైజర్ నది మీద పెద్ద ఆయకట్టు. 1980ల మొదట్లో హెక్టారుకు వడ్లు 2 టన్నుల లోపే. నీరు ఉంది, నేల ఉంది. లేనిదేమిటంటే, కాలువల్లో పూడిక తీసే డబ్బు, దాన్ని అడిగే హక్కు. పంటంతా సంస్థకే అమ్మాలి, బయట అమ్మకుండా ఆర్థిక పోలీసులు కాపలా.

మార్పు వరసగా జరిగింది. 1984లో ఆ పోలీసులను తీసేశారు. తర్వాత వడ్ల వ్యాపారం స్వేచ్ఛగా వదిలారు. కాలువలు బాగుచేసి, మడులు చదును చేశారు. నారు పోసి నాట్లు వేసే పద్ధతి వచ్చింది. 1994లో సంస్థను కుదించి నీరు, భూమి నిర్వహణకే పరిమితం చేశారు. ప్రభుత్వం, సంస్థ, రైతు ప్రతినిధులు ముగ్గురూ సంతకం పెట్టే ఒప్పందం తెచ్చారు. ఎవరు ఏ కాలువ చూడాలో అందులోనే రాశారు: పెద్ద కాలువలు ప్రభుత్వానివి, మధ్యస్థ కాలువలు సంస్థవి, చేను పక్క బోదెలు రైతులవి. నీటి రుసుంలో సగం మధ్యస్థ కాలువల మరమ్మతుకే, అది కూడా రైతులు, అధికారులు సమానంగా కూర్చున్న కమిటీ ఒప్పుకుంటేనే ఖర్చు. అదే ఏడాది కరెన్సీ విలువ సగానికి తగ్గించడంతో దిగుమతి బియ్యం ప్రియమై స్థానిక వడ్లకు ధర పలికింది. 2000 నాటికి దిగుబడి 5 టన్నులు దాటింది.

ఇందులో రుసుం ఎంత అన్నదానికంటే, అది ఎటు పోతోందో కట్టినవాడు చూడగలగడం ముఖ్యం. రుసుం ఖజానాలో కలిసిపోయే చోట కథ వేరు. కట్టినా తూము బాగుపడదు, కాబట్టి కట్టరు. కట్టరు కాబట్టి పూడిక తీయరు. కాలువ చివరి రైతుకు నీరందక తూము దగ్గర కావలివాడికి ఇస్తే తప్ప తలుపు లేవదు. దక్షిణ భారత కాలువల మీద 1982లో రాబర్ట్ వేడ్ చూపించింది ఇంకా లోతైనది: ఇంజినీరు మంచి పోస్టుకు బదిలీ కోసం డబ్బు కట్టి వస్తే, దాన్ని మరమ్మతు పనుల్లోంచీ నీటి విడుదలలోంచీ రాబట్టుకోవాలి. అప్పుడు నీటి వేళలు అస్తవ్యస్తంగా ఉండటమే లాభసాటి. వేళకు నీరొచ్చేస్తే ఎవరు డబ్బిస్తారు?

ఒక ఆయకట్టు పాలన ఎలా ఉందో తెలియాలంటే మొదటి తూము దగ్గర, చివరి తూము దగ్గర ఒకే వారంలో నీటి మట్టం కొలవండి. ఎన్ని నివేదికలు చదివినా ఇంత తెలియదు.

#10 పట్టిక
ఇవన్నీ దేశ స్థాయి గణాంకాల్లోకి ఎలా తేవాలి? ప్యానెల్ డేటా (అవే దేశాలు, చాలా ఏళ్లు), ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్‌తో (ప్రతి దేశాన్ని దానితోనే పోల్చే పద్ధతి) నడిపితే పాలన గుణకం, అంటే పాలన ప్రభావం చెప్పే అంకె, దాదాపు సున్నా అవుతోంది.

#11 లాగరిథం
అవుతుంది. ఆ సూచికలు ఒక దేశంలో ఏడాది ఏడాదికీ చాలా కొద్దిగా కదులుతాయి. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెట్టగానే దేశాల మధ్య తేడా కొట్టుకుపోయి, మిగిలిన ఆ కాస్త కదలికలో కొలత దోషమే ఎక్కువ. ప్రతి స్కోరుతో పాటు ప్రామాణిక దోషం (అంచనా ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పేది) కూడా ఇస్తారు, దాన్ని పారేయకండి. చాలా దేశాల మార్పు ఆ దోషం హద్దుల్లోనే ఉంటుంది. 1996, 1998, 2000 తర్వాత 2002 నుంచే ఏటా ఉన్నాయి. మధ్య ఏళ్లను సరళరేఖతో పూరించి వాటిని కొత్త పరిశీలనలుగా లెక్కించవద్దు. ఇంకొకటి, స్కోర్లను ఏ ఏడాదికా ఏడాది సగటు సున్నాగా సర్దుతూ వచ్చారు. ప్రపంచమంతా బాగుపడినా ఆ అంకెల్లో కనిపించదు, పక్కవాడితో పోలికే కనిపిస్తుంది.

ఆరింటినీ ఒకే సమీకరణంలో వేయొద్దు, ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడి ఉన్నాయి, ప్లస్, మైనస్ గుర్తులు తారుమారవుతాయి. మూలాలు చూడండి: నిపుణుల అంచనాలు, వ్యాపార సర్వేలు ఎక్కువ. రాజధానిలో కంపెనీ పెట్టేవాడికి కనిపించే పాలన, తూము దగ్గర రైతుకు కనిపించే పాలన ఒకటి కావు.

సమీకరణంలో ఎడమవైపు, అంటే వివరించాల్సిన అంకెగా, మొత్తం ఉత్పత్తి వృద్ధి వాడితే నేల విస్తరణ కూడా పాలన ఘనత అయిపోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే మొత్తం ఉత్పాదకత సూచిక (నేల, కూలి, ఎరువు లాంటివన్నీ లెక్కేసి వాటికి ఎంత పంట వచ్చిందో చెప్పేది) వాడండి, 1961 నుంచి ఉంది. వానను తప్పకుండా అదుపు చరాంశంగా (దాని ప్రభావాన్ని వేరు చేయడానికి) పెట్టండి. కరువు పంటనూ తీస్తుంది, ప్రభుత్వాన్నీ కదిలిస్తుంది, లేకపోతే లంకె ఎటునుంచి ఎటో తెలియదు. కాల వ్యవధి కూడా పంటను బట్టి వేరు పెట్టాలి. ధర నియమం మారితే వరి, మొక్కజొన్న మరుసటి సీజన్‌లోనే స్పందిస్తాయి. కోకో మొక్క కాపుకు రావడానికే మూడు నుంచి ఐదేళ్లు.

#12 మొలక
పరిశోధనకు అయితే ఇంకా ఎక్కువ. కొత్త రకం రావడానికే పదేళ్లు. బ్రెజిల్ ఎంబ్రాపా అనే వ్యవసాయ పరిశోధన సంస్థను 1973లో పెట్టి, మామూలు ప్రభుత్వ జీతాల చట్రం బయట ఉంచి, వందల మందిని పై చదువులకు పంపింది. సెరాడో అనే గడ్డి మైదాన ప్రాంతపు ఆమ్ల నేలలకు సున్నం మోతాదులు, తక్కువ అక్షాంశాల్లో పండే సోయా రకాలు దాని ఫలితం. ప్రభుత్వాలు మారినా నిధి ఆగకపోవడమే ఇక్కడ పాలన నాణ్యత. 2003లో ఆఫ్రికా దేశాలు మపుటోలో బడ్జెట్టులో 10 శాతం వ్యవసాయానికి అని ఒప్పుకున్నాయి. ఆ 10 శాతంలో ఎరువు రాయితీ ఎంత, పరిశోధన ఎంత అనేది విడదీయకపోతే అంకెకు అర్థం లేదు. రాయితీ ఓటుకు కనిపిస్తుంది, పరిశోధన కనిపించదు.

#13 ప్రయోగశాల
సామర్థ్యం ఉన్న దేశం కూడా ఒక్క నిర్ణయంతో పడుతుందనడానికి శ్రీలంక. వరి పరిశోధన, విస్తరణ సేవలు దశాబ్దాలుగా బలంగా ఉన్న దేశం. 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతి గెజిట్‌తో నిషేధించారు. హెక్టారు వరికి వంద కిలోల పైచిలుకు నత్రజని కావాలి. కంపోస్టులో నత్రజని ఒకటి రెండు శాతమే, అంటే హెక్టారుకు టన్నులకొద్దీ కావాలి. అంత కంపోస్టు దేశంలో లేదు, తయారు చేసే గడువూ లేదు. ఈ గుణకారం వ్యవసాయ శాస్త్రవేత్తలు ముందే చెప్పారు. నవంబరులో వెనక్కి తీసుకునేసరికి మహా సీజన్ (అక్కడి ప్రధాన వరి పంట కాలం) నాట్లు అవుతున్నాయి. ఆ సీజన్ వడ్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. తెలిసినవాళ్ల మాట నిర్ణయం దాకా చేరే దారి ఉందా లేదా అన్నది పట్టిక గారి ఆరు సూచికల్లో దేనికింద వస్తుందో ఆలోచించాలి.

#14 సర్వేరాయి
జింబాబ్వే కూడా చేర్చండి. 2000 తర్వాత భూముల స్వాధీనంతో పొగాకు 23.7 కోట్ల కిలోల నుంచి 2008లో 4.8 కోట్లకు పడింది. 2014కు మళ్లీ 21 కోట్లు దాటింది, అది కూడా ఎక్కువగా చిన్న రైతుల చేతుల మీదుగా. ప్రభుత్వం ఇచ్చిన 99 ఏళ్ల కౌలు పత్రాన్ని బ్యాంకులు తాకట్టుకు తీసుకోలేదు, కొనుగోలు కంపెనీలే విత్తనం, ఎరువు అప్పుగా ఇచ్చి పంటలో కోసుకున్నాయి. అంటే చట్టబద్ధ పాలన లోపించిన చోట ఒప్పంద సాగు ఆ ఖాళీ కొంత పూడ్చింది. అయితే అది పొగాకుకే, ఎందుకంటే పొగాకు నమోదైన వేలం లేదా ఒప్పంద కేంద్రాల్లోనే అమ్మాలి, అప్పు అక్కడే పట్టుకోవచ్చు. ఊళ్లోనే అమ్ముడయ్యే మొక్కజొన్నకు ఇది అంత తేలిగ్గా కుదరదు.

#15 పట్టిక
సరే, దేశ స్కోరును పక్కన నేపథ్యంగా ఉంచి, నాలుగు అంకెలు సేకరిస్తున్నాను: రేవు ధరలో రైతుకు చేరిన వాటా (కరెన్సీని చీకటి బజారు రేటుకు మార్చి), రాయితీ ఎరువు ఊరికి చేరిన తేదీకీ విత్తిన తేదీకీ తేడా, ఏడాదిలో నమోదైన వారసత్వ మార్పులు, గత పదేళ్లలో ఎగుమతి నిషేధాలు ఎన్నిసార్లు పెట్టి తీశారు. మొదటి మూడింటికి మీరు చెప్పిన దేశాలతో మొదలుపెడతాను.

#16 బస్తాలెక్క
రెండో అంకెకు గోదాంలో సరుకు దించిన తేదీ తీసుకోకండి, అక్కడే మూడు వారాలు పడి ఉంటుంది. దుకాణం బిల్లు పుస్తకంలో మొదటి బిల్లు, సగం బస్తాలు అయిపోయిన రోజు బిల్లు, ఈ రెండు తేదీలు తీసుకోండి.

#17 తూము
ఐదోదిగా చివరి తూము మట్టం చేర్చండి పట్టిక గారూ. దేశ స్థాయిలో దొరకదు, నిజమే. ఆయకట్టుకు ఒక కొలబద్ద, వారానికి ఒక రీడింగు చాలు, ఒక్క సీజన్‌లో డేటా వచ్చేస్తుంది.